గొర్రెల మీద పడింది తోడేలా, కుక్కలా?

ప్రశ్న: అన్నా, మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. మాకు 62 గొర్రెలు, 14 మేకలు ఉన్నాయి. మా ఆయన బెంగళూరులో పనికి పోయినాడు. మందను మా మామ, నేను చూసుకుంటాం. సంక్రాంతి ముందు నుంచి 20 రోజుల్లో 4 పిల్లలు పోయినాయి. పొద్దు గూకే వేళ వంక పక్కన తోలుకొస్తుంటే, ఇంటికొచ్చి లెక్క చూస్తే ఒకటి తక్కువ ఉంటుంది. అరుపు కూడా వినబడదు. పోయిన వారం మాత్రం రాత్రి దొడ్డిలోకే వచ్చి 9 పెద్ద గొర్రెలను కరిచినాయి. తొడలు, చెవులు చీరేసినాయి. 5 చచ్చినాయి. ఒక్కదాన్ని కూడా తినలేదు. ఊర్లో అందరూ తోడేలే అంటున్నారు. పక్క చేను ఆయన చచ్చిన గొర్రెలో పురుగుమందు గుళికలు పెట్టమంటాడు. మా మరిది బోరు దగ్గర నుంచి దొడ్డి చుట్టూ కరెంటు తీగ లాగుతానంటాడు. పదో తరగతి చదివే మా అబ్బాయి యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూపించి, అక్కడ కయోటీలు అనే జంతువుల నుంచి గొర్రెలను గాడిదలు కాపాడతాయంట, మనమూ ఒకటి తెద్దామంటాడు. రాత్రి నిద్ర పట్టదు, ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

సమాధానం: చెల్లెమ్మా, 9 గొర్రెలంటే మీ ఇంట్లో ఒక ఏడాది ఖర్చు. మీ బాధ నాకు అర్థమైంది. ఉత్తరం రెండు మూడు సార్లు చదివాను. ఆగకూడని పనులు రెండున్నాయి, ముందు అవి చెప్తాను.

మీ మరిది ఆ తీగ ఇప్పటికే లాగి ఉంటే, ఇది చదివిన వెంటనే తీయించండి. బోరు కనెక్షన్ నుంచి నేరుగా లాగిన తీగకు తోడేలు ఎవరో, చీకట్లో బహిర్భూమికి పోయే మనిషి ఎవరో తెలియదు. మన జిల్లాల్లో పంటకు అడవి పందులు రాకుండా కట్టిన తీగలకు ఆ రైతులే, వాళ్ళ పిల్లలే బలైన సంగతులు మీరూ వినే ఉంటారు. మనిషి పోతే అది హత్య కేసు దాకా పోతుంది. సోలార్ ఫెన్సింగ్ వేరు. దాంట్లో కరెంటు సెకనుకో దెబ్బలాగా వచ్చి పోతుంది, గట్టిగా జిల్లుమంటుంది తప్ప పట్టుకొని ఉండదు. డబ్బులుంటే దాని గురించి ఆలోచించొచ్చు. అదైనా మంచి కంపెనీ మిషన్ పెట్టి, తెలిసినవాళ్ళతో బిగించుకోవాలి.

రెండోది, బతికిన ఆ 4 గొర్రెలు. వాటి గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. కరిచినదానికి పిచ్చి ఉందో లేదో మనకు తెలియదు. కరిచిన వెంటనే ఆ పుండ్లను సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు ధారగా కడగాలి. వారం దాటినా సరే, రేపే పశువుల ఆసుపత్రికి తోలుకుపోయి రేబిస్ టీకా మొదలుపెట్టించండి. అది ఒక్క సూదితో అయిపోదు, డాక్టరు చెప్పిన తేదీల్లో అన్నీ వేయించాలి. తోలుకుపోవడం కష్టమైతే 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ మీ దగ్గరికే వస్తుంది. ఆ నాలుగింటినీ మంద నుంచి వేరుగా కట్టి డాక్టరు చెప్పినన్నాళ్ళు కన్నేసి ఉంచండి. గొంతు బొంగురుపోయి ఊరికే అరుస్తున్నా, చొల్లు కారుతున్నా, వెనక కాళ్ళు తడబడుతున్నా, ఏదో ఇరుక్కుందేమో అని నోట్లో చేయి మాత్రం పెట్టొద్దు. ఆ రాత్రి మీరో, మీ మామో ఉత్త చేతులతో పుండ్లు కడిగి ఉంటారు. చేతి మీద చిన్న గీత ఉన్నా సర్కారు ఆసుపత్రిలో టీకా వేయించుకోండి, అక్కడ ఉచితమే. చచ్చిన గొర్రెలను ఎవరైనా కోసి ఉంటే వాళ్ళకూ ఇదే మాట చెప్పండి.

ఇక అసలు సంగతి. మీ ఊరంతా ఒకే దొంగ అనుకుంటున్నారు. మీరు రాసింది చదివితే నాకు ఇద్దరు కనబడుతున్నారు.

వంక దగ్గర పొద్దుగూకే వేళ, అరుపు లేకుండా, ఒక్కొక్క పిల్ల చొప్పున పోవడం తోడేలు పని. అది మందను దూరం నుంచి గంటల తరబడి చూస్తూ వస్తుంది. మనిషి ఎక్కడున్నాడో, వెనకబడే పిల్ల ఏదో గమనించుకొని, వంకలోనో కంది చేలోనో నక్కి ఉండి, ఒక్క ఉరుకులో మెడ పట్టుకొని పోతుంది. 20 కిలోల జంతువుకు 5 కిలోల పిల్లను మోసుకుపోవడం కష్టం కాదు. నెల కూడా కుదిరింది. తోడేళ్ళు చలికాలంలో ఈనుతాయి. ఇప్పుడు మీకు దగ్గర్లోనే ఎక్కడో గుట్ట కిందో, వంక గట్టు బొరియలోనో చిన్న పిల్లలు ఉంటాయి. వాటి కడుపు నింపడానికి తల్లీ తండ్రీ రెండూ వేటకు తిరుగుతాయి. శనక్కాయ పీకేశాక చేలన్నీ బోడిగా ఉండి, కంది సాళ్ళు మాత్రం మనిషి ఎత్తున నిలిచి ఉంటాయి కదా, ఆ చాటు వాటికి బాగా అనుకూలం.

దొడ్డిలో 9 గొర్రెల మీద పడి, తొడలూ చెవులూ చీరి, ఒక్కదాన్నీ తినకుండా పోయింది మాత్రం కుక్కలని నా గట్టి నమ్మకం. ఆకలి మీద వచ్చిన తోడేలు తినకుండా పోదు, లేదా ఒకదాన్ని ఈడ్చుకుపోతుంది. ఊరి కుక్కలు గుంపు కడితే వాటికి ఆకలితో పని ఉండదు. గొర్రె పరుగెత్తితే తరమడం, దొరికిన చోట కరవడం, దాన్ని వదిలి ఇంకోదాని వెంట పడడం. అందుకే గాట్లు వెనక తొడల మీద, తోక దగ్గర, చెవుల మీద ఎక్కువ ఉంటాయి. మూసిన దొడ్డిలోకి దూరితే తోడేలైనా, చిరుతైనా ఒకటికి నాలుగు చంపిన సందర్భాలు ఉన్నాయి. కానీ వాటి పోటు గొంతు మీద ఉంటుంది. మీ ఊరికి ఆనుకొని చికెన్ కొట్ల వేస్ట్ పారబోసే గుంత ఉందా? ఉంటే అక్కడ పగటిపూట ఎన్ని కుక్కలు పడుకొని ఉంటాయో ఒకసారి లెక్కపెట్టండి.

పశువైద్యుడిగా ఈ జిల్లాలో తిరిగిన రోజుల్లో నేను నేర్చుకున్న పద్ధతి ఒకటి చెప్తాను. ఇంకెప్పుడైనా గొర్రె చస్తే, అటవీ శాఖ పంచనామా అయ్యాక, దాన్ని పూడ్చకముందు మెడ కింద చర్మాన్ని కత్తితో నిలువుగా కోసి, జానెడు మేర ఒలిచి చూడండి. పైన ఉన్నిలో ఏమీ కనబడకపోయినా, లోపల చర్మానికీ కండకూ మధ్య నల్లగా గడ్డకట్టిన నెత్తురు, అందులో కోరలు దిగిన రెండు జతల చిల్లులు కనబడితే అది గొంతు పట్టి చంపే జంతువు పని. బతికి ఉన్నప్పుడు కరిస్తేనే అట్లా నెత్తురు కమ్ముతుంది. గాట్లు ఉండి కూడా చర్మం కింద తెల్లగా శుభ్రంగా ఉంటే, గొర్రె వేరే రోగంతో చచ్చాక ఏదో వచ్చి పీక్కు తిందని అర్థం. నక్క మీద పడే నిందల్లో సగం ఇట్లాంటివే. నక్క అప్పుడే పుట్టిన పిల్లను ఎత్తుకుపోతుంది, చచ్చినదాన్ని పొట్ట దగ్గర మొదలుపెట్టి తింటుంది, నిలబడి ఉన్న పెద్ద గొర్రెను పడగొట్టే శక్తి దానికి లేదు. ఒలిచేటప్పుడు చేతికి గ్లౌజులు, అవి లేకపోతే ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి.

అడుగుల విషయం. తోడేలు అడుగు, పెద్ద కుక్క అడుగు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. రెండింటికీ గోళ్ళ గుర్తులు పడతాయి. ఒక్క అడుగు చూసి చెప్పడం నా వల్ల కూడా కాదు. నడక చూడాలి. తోడేలు దారం లాగినట్టు ఒకే వరసలో పోతుంది, ముందు కాలు పడ్డ చోటే వెనక కాలు పెడుతుంది. కుక్క వాసన చూస్తూ అటూ ఇటూ తిరుగుతుంది. చిరుత అడుగు గుండ్రంగా ఉంటుంది, గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి గుర్తు పడదు. కళ్యాణదుర్గం గుట్టల్లో చిరుతలు ఉన్నాయి కాబట్టి దీన్ని కూడా మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు దొడ్డి దగ్గరికి వద్దాం. కుక్కలు లోపలికి వచ్చాయంటే ఎక్కడో దారి ఉంది. నేను చూసిన దొడ్లలో ఎక్కువ భాగం కంప కంచెలే. వేసిన ఏడాది బ్రహ్మాండంగా ఉంటుంది. రెండో ఏడాదికి చెదలు పట్టి, గాలికి అణిగిపోయి, నడుం ఎత్తుకు దిగుతుంది. మనం రోజూ చూస్తుంటాం కాబట్టి తగ్గినట్టే అనిపించదు. పాతదాని మీద కొత్త కంప వేసేటప్పుడు మొదళ్ళు లోపలికి, ముళ్ళ కొమ్మలు బయటికి ఉండాలి. తుమ్మ కంపైతే ఇంకా మంచిది. బయట నుంచి కొమ్మను పట్టి లాగినా రాకూడదు. ఆరడుగుల ఎత్తు ఉండేట్టు చూసుకోండి.

అంతకంటే ముఖ్యమైంది గడి, అంటే దొడ్డి వాకిలి. ఎంత మంచి దొడ్డైనా గడి దగ్గర ఒక పాత మంచం అడ్డం పెట్టి వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఆ మంచం కింద కుక్క దూరిపోతుంది. గడికి రేకు తలుపో, ఇనుప మెష్ బిగించిన చట్రమో పెట్టించండి. నేలకూ తలుపుకూ మధ్య అరచేయి దూరనంత సందే ఉండాలి. తవ్వుకొని రాకుండా కంచె అడుగున బయటివైపు రెండడుగుల వెడల్పు మెష్‌ను నేల మీద పరిచి, దాని మీద బండలు పేర్చండి. కుక్కైనా తోడేలైనా కంచె మొదట్లోనే తవ్వుతుంది, రెండడుగులు వెనక్కి వచ్చి తవ్వాలని దానికి తోచదు. పిల్లలకు మాత్రం లోపల పైకప్పు ఉన్న చిన్న గది కావాలి. గంపల కింద మూస్తుంటే గంప మీద బరువైన రాయి పెట్టడం మరిచిపోవద్దు. చిరుత భయం ఉంటే మొత్తం దొడ్డికి పైన కూడా మెష్ వేయక తప్పదు, ఆరడుగుల కంచె దానికి ఒక లెక్క కాదు.

సోలార్ లైట్ పెట్టొచ్చు. మనిషో జంతువో కదిలితే వెలిగే రకం ఇంకా బాగుంటుంది. కానీ మూడు నాలుగు రోజులకోసారి దాని చోటు మార్చాలి. ఒకే చోట వెలిగే దీపానికి వారంలో అలవాటు పడతాయి. ఎర్ర గుడ్డల తాడు అని ఇంకో ఉపాయం యూరప్‌లో తోడేళ్ళ వేటగాళ్ళ నుంచి వచ్చింది, ఇప్పుడు అమెరికాలో మందల చుట్టూ కడుతున్నారు. పాత ఎర్ర చీరను బెత్తెడు వెడల్పు, మూరెడు పొడవు పీలికలుగా చింపి, తాడుకు మూరకొకటి కట్టి, కొసలు నేలకు జానెడు ఎత్తులో గాలికి ఊగేట్టు కంచె బయట కట్టాలి. తోడేలు దాన్ని దాటడానికి వెనకాడుతుంది. ఇది ఒకటి రెండు నెలలే పనిచేస్తుంది, కుక్కల మీద పనిచేయదు. మేకలకు అందితే పీలికలు నమిలేస్తాయి. అయినా ఈ పిల్లల కాలం గడిచేదాకా మీకు అది చాలు, ఖర్చు కూడా లేదు.

మేత దారి మార్చడం వల్ల మీకు అన్నిటికంటే ఎక్కువ లాభం. పోయిన 4 పిల్లలూ వంక పక్కనే, పొద్దు గూకేటప్పుడే పోయాయి. ఉగాది దాటేదాకా ఆ దారి వదిలేయండి. పొద్దు ఇంకా గంట ఉందనగానే మందను మలపమని మామకు చెప్పండి. నెల నిండని పిల్లల్నీ, ఈనడానికి దగ్గరపడ్డ గొర్రెల్నీ ఇంటి దగ్గరే ఆపి మేత వేయండి. మామ ఒక్కరే మంద ముందు నడుస్తుంటే వెనక ఎవరూ ఉండరు, తోడేలు చూసేది ఆ తోకనే. ఇద్దరు లేని రోజు పక్క మందతో కలిపి తోలండి. ఇంటికొచ్చాక ఒక్కసారి లెక్కబెట్టడం కాదు, నీళ్ళ దగ్గర ఒకసారి, మలిపేటప్పుడు ఒకసారి కూడా చూడాలి.

మీ అబ్బాయి మాటకు వస్తాను. పదో తరగతి పిల్లవాడు మంద గురించి ఆలోచిస్తున్నాడంటే నాకు చాలా సంతోషం వేసింది. వాడు చూసింది అబద్ధం కాదు. కయోటీ ఉత్తర అమెరికా జంతువు, మన నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది. గాడిదకు కుక్క జాతి అంటే పుట్టుకతోనే పడదు. ఒకటో రెండో కయోటీలు వస్తే అరుస్తూ తరిమి తన్నుతుంది. అదే తోడేళ్ళు జతగానో గుంపుగానో వస్తే, అంతంత కుక్కలు ఏడెనిమిది కలిసి వస్తే, అది నిలవలేదు. చిరుత తిరిగే చోట గాడిదే ఆహారమవుతుంది. ఆ డబ్బుతో గడి తలుపు పెట్టించండి.

ఆ వీడియోల్లో కుక్కల సంగతి మాత్రం మనకు పనికొస్తుంది. మీ మందకు కుక్క ఉందో లేదో రాయలేదు. లేకపోతే నాటు కుక్క పిల్లలు రెండింటిని, తల్లి పాలు మరిచిన వెంటనే, ఏడెనిమిది వారాల వయసులో తెచ్చి గొర్రెపిల్లల గదిలోనే పెంచండి. ఇంట్లో పెంచి, పెద్దయ్యాక మందలోకి తోలితే అది మీకు కాపలా కాస్తుంది గానీ గొర్రెలకు కాయదు. గొర్రెల వాసనలో పెరిగిన కుక్క వాటినే తన కుటుంబం అనుకుంటుంది. మొదటి ఏడాది ఆటకు పిల్లల వెంట పడుతుంది, అప్పుడు గదమాయించాలి, వదిలేస్తే అదే అలవాటవుతుంది. రెండు పూటలా కడుపు నిండా సంగటి, మజ్జిగ పెట్టండి, వారంలో రెండు మూడు గుడ్లు వేయండి. కడుపు మాడిన కుక్క ఆ వేస్ట్ గుంత దగ్గరికే పోయి, ఆ గుంపులోనే కలుస్తుంది. మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత ఏటా. మెడకు ఇనుప ముళ్ళ పట్టీ కట్టండి, తోడేలు పట్టేది మెడనే.

గుళికల గురించి నేను కొంచెం కోపంగానే చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. చాలా ఏళ్ళ కింద నేను పనిచేసిన మండలంలో ఒక కాపరి ఇట్లాగే చచ్చిన పొట్టేలులో మందు పెట్టాడు. తెల్లారి నన్ను పిలిచారు. పొట్టేలు చుట్టూ కాకులు పడి ఉన్నాయి. పది అడుగుల దూరంలో ఆయన సొంత కుక్క, ఆరేళ్ళు మంద కాచిన కుక్క, నోట్లో నురగతో కాళ్ళు కొట్టుకుంటూ ఉంది. నా దగ్గరున్న సూదులన్నీ వేశాను, బతకలేదు. ఆ మనిషి దాని తల ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. వారం తిరక్కుండా తోడేలు మళ్ళీ వచ్చింది. ఈసారి మందకు కుక్క లేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు, చిరుత మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. చంపితే 3 నుంచి 7 ఏళ్ళు జైలు, 25 వేలకు తగ్గకుండా జరిమానా. పెద్దపులికి ఉన్న రక్షణే తోడేలుకూ ఉంది. చంపడం వల్ల సమస్య తీరుతుందా అంటే అదీ లేదు. అమెరికాలో కయోటీలను వంద ఏళ్ళకు పైగా తుపాకులతో, బోన్లతో, విషంతో చంపుతూనే ఉన్నారు. అవి తగ్గకపోగా అప్పట్లో లేని రాష్ట్రాలకు కూడా పాకాయి. మన తోడేళ్ళ కథ అందుకు పూర్తిగా తలకిందులు. దేశం మొత్తం మీద 3 వేలకు అటూ ఇటూ మిగిలాయని అంచనా. అవి బతికేది దట్టమైన అడవిలో కాదు, మన బీళ్ళలో, గడ్డి మైదానాల్లో. మీ మామ చిన్నప్పుడు మంద మేపిన బీళ్ళలో ఇప్పుడు ఎన్ని మిగిలాయో ఆయన్నే అడగండి. గాలి మరల కింద, సోలార్ ప్లేట్ల కింద, కొత్త కంచెల లోపల పోయిన ఆ నేల మీకూ తోడేలుకూ కూడా మేత నేలే. జింకలూ కుందేళ్ళూ తిరిగే బీడు ఉన్నంత కాలం దానికి మీ మందతో ఇంత పని ఉండేది కాదు.

డబ్బు విషయం. అడవి జంతువు పశువును చంపితే అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. దానికి కళేబరాన్ని కదిలించకుండా, ఫొటోలు తీసి, అదే రోజు బీట్ ఆఫీసరుకు చెప్పాలి. పశువైద్యుడి పోస్టుమార్టం, పంచనామా కావాలి. కుక్కలు చంపితే ఆ పరిహారం రాదు. ఊర్లో అందరూ తోడేలే అంటున్నా నేను ఇంతసేపు గాట్ల గురించి చెప్పింది ఇందుకు కూడా. ఎత్తుకుపోయిన పిల్లలకు కళేబరం లేదు కాబట్టి రుజువు కష్టమే. అయినా 4 పిల్లల సంగతి తేదీలతో సహా రాసి బీట్ ఆఫీసరుకు ఇచ్చి ఉంచండి, రేపు ఇంకోటి పోతే ఆ కాగితం పనికొస్తుంది. మందకు బీమా చేయించండి. 2024లో కేంద్రం పశువుల బీమాలో రైతు కట్టే వాటాను ప్రీమియంలో 15 శాతానికి తగ్గించింది. ఇప్పుడు తీసుకుంటున్నారా లేదా మీ రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుణ్ణి అడగండి. బీమా చేసేటప్పుడు గొర్రె చెవికి వేసే పోగు ఊడిపోతే బీమా రాదు, ఊడినప్పుడే మళ్ళీ వేయించాలి.

కుక్కల గుంపు విషయంలో పంచాయతీకి కాగితం మీద అర్జీ ఇవ్వండి. మీరొక్కరే కాదు, గొర్రెలున్న ఇళ్ళన్నీ సంతకం పెట్టండి. కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు వేయించే బాధ్యత స్థానిక సంస్థలదేనని 2023 నిబంధనల్లో ఉంది. చికెన్ వేస్ట్ పూడ్చించమని అందులోనే అడగండి. మీ చచ్చిన గొర్రెలను కూడా వంకలో పారేయొద్దు. ఆరడుగుల గుంత తీసి, సున్నం చల్లి పూడ్చండి. ఆ 5 గొర్రెలను ఎక్కడ వేశారో మీరు రాయలేదు. వంకలోనే వేసి ఉంటే ఇవాళే ఎవరినైనా తోడు తీసుకుపోయి పూడ్పించండి.

మీ అబ్బాయికి ఒక పని చెప్తున్నాను. గాడిద బదులు ఇది చేయమనండి. సాయంత్రం మంద లోపలికి పోయాక, దొడ్డి చుట్టూ మూరెడు వెడల్పున జల్లెడ పట్టిన మెత్తటి మట్టి పరచాలి. గడి ముందు కొంచెం ఎక్కువ. తెల్లవారి మంద కదలకముందే టార్చితో చుట్టూ తిరిగి, పడ్డ ప్రతి అడుగు పక్కన 10 రూపాయల బిళ్ళ పెట్టి నిలువుగా ఫొటో తీయాలి. ఒక్క అడుగు కాదు, వరుసగా నాలుగైదు వచ్చేట్టు. అయిదు రోజులు తీసి నాకు పంపించమనండి. తోడేలో, కుక్కలో, రెండూనో అప్పుడు ఖాయంగా చెప్తాను.